హవల్దారు గారి మనుమరాలి ఫైలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకుంటాం. డి.ఏ. గురించి, వైద్య సదుపాయాల గురించి మాట్లాడుకుంటాం. ఆ సంగతులు నాకన్నా బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు 'మీ ముక్తినాథ్ యాత్రా విశేషాలు ఒక అరగంట చెప్పండి' అన్నారు. సరేనని రాసుకోవడం మొదలుపెట్టాను. కాని రాస్తూంటే కలం ముక్తినాథ్ దాకా పోలేదు, దారిలో పోఖరాలో ఒక పెన్షనరు ఇంటి దగ్గరే ఆగిపోయింది. అందుచేత అధ్యక్షులవారి అనుమతితో విషయం కొంచెం మారుస్తున్నాను. పై చదువులకు విదేశాలకు వెళ్ళాలనుకునే నేపాలు పిల్లలకు ఈ రెండుమూడేళ్ళలో వీసా నిబంధనలు ఎలా బిగిశాయో, ఆ బిగింపు ఒక పెన్షనరు ఇంట్లో ఏం చేసిందో, నేను చూసినంత వరకు మనవి చేస్తాను.

'నేపాలు పిల్లల సంగతి మనకెందుకండీ' అని వెనక వరుసలో ఎవరో అనుకుంటూ ఉండవచ్చు. నేపాలు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది అపార్ట్‌మెంటు గేటు దగ్గరి గూర్ఖా. మరో సంగతి గుర్తు చేస్తాను. భారత సైన్యంలో పనిచేసి, మనలాగే భారత ప్రభుత్వ పెన్షను పుచ్చుకుంటున్నవారు నేపాలులో లక్షకు పైగా ఉన్నారు. వారికోసం ఖాట్మండులో, పోఖరాలో, ధరాన్‌లో మన రాయబార కార్యాలయం కింద పెన్షను చెల్లింపు కార్యాలయాలు నడుస్తున్నాయి. నవంబరు వస్తే మనం లైఫ్ సర్టిఫికెట్ పట్టుకుని బ్యాంకుకు పోయినట్టే వాళ్ళూ తాము బతికే ఉన్నామని రుజువు చూపించుకోవాలి. వాళ్ళు మన బిరాదరీ వాళ్ళే.

నేను డిఫెన్స్ అకౌంట్స్ శాఖలో 1971లో చేరి 2009లో రిటైరయ్యాను. అందులో 1979 నుంచి 1984 దాకా వారణాసిలో ఉన్నాను. కాశీలో ఉద్యోగం అంటే మా అమ్మ సంతోషించింది గాని, నాకు అక్కడ విశ్వనాథుడి దర్శనం కన్నా గూర్ఖా సిపాయిల జీతాల లెక్కలే ఎక్కువ దర్శనమిచ్చేవి. ఆ లెక్కల్లో పెద్ద చిక్కు పేర్లతో. ఒకే పల్టనులో ఒకే పేరువాళ్ళు నలుగురైదుగురు, ఒక్కోసారి ఊరు కూడా ఒకటే. నంబరు తప్ప గతి లేదు. 1983లో ఒక హవల్దారు 17 ఏళ్ళ సర్వీసు ముగించుకుని వచ్చాడు. తండ్రి చిన్నతనంలోనే పోతే చిన్నాన్న పెంచాడట, భర్తీ అయ్యేటప్పుడు తండ్రి పేరు అడిగితే చిన్నాన్న పేరు చెప్పాడు. పెన్షను కాగితాల దగ్గరికి వచ్చేసరికి ఊరినుంచి వచ్చిన పత్రంలో సొంత తండ్రి పేరు ఉంది. మనిషి ఒకడే, తండ్రులు ఇద్దరు! ఆ చిక్కు విప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ పాటి పనికి ఆయన నలభై ఏళ్ళు నన్ను గుర్తుపెట్టుకున్నాడు. దశైం పండక్కి, అంటే మన దసరాకి, ఏటా ఒక కార్డు. తర్వాత తర్వాత ఫోను.

2024 నవంబరులో మేమిద్దరం ముక్తినాథ్ బయలుదేరాం. మనవాళ్ళకు అది సాలగ్రామ క్షేత్రం, నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడినుంచి సునౌలీ సరిహద్దు, తర్వాత బుత్వల్, పాల్పా, స్యాంగ్జా కొండల మీదుగా బస్సు. సరిహద్దు దగ్గర మమ్మల్ని వీసా అడిగినవారు లేరు. 1950 ఒడంబడిక పుణ్యమా అని మనం అక్కడికి, వాళ్ళు ఇక్కడికి వీసా లేకుండానే వెళ్ళిరావచ్చు, ఉండవచ్చు, పని చేసుకోవచ్చు. ఆ సౌఖ్యం విలువ నాకు మర్నాడు సాయంత్రం గాని తెలియలేదు.

పోఖరా బజారులో దిగగానే మా ఆవిడ 'ఇదేమిటండీ, అమీర్‌పేటలా ఉంది' అంది. నిజమే. ఏ మేడ చూసినా విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డే. ఆస్ట్రేలియా, జపాన్, కెనడా, బ్రిటన్. వీసా వచ్చిన పిల్లల ఫొటోలు ఎన్నికల్లో గెలిచిన అభ్యర్థుల్లా ఫ్లెక్సీల మీద. 'వీసా లాగ్యో?' అన్నది అక్కడ కుశలప్రశ్న. వీసా తగిలిందా, అని. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ఉన్నది 2 కోట్ల 91 లక్షల మంది. విదేశంలో చదవాలంటే ముందుగా తమ విద్యాశాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి, అది లేకపోతే బ్యాంకు ఫీజు డబ్బు బయటికి పంపదు. అటువంటి పత్రాలు 2023-24 ఒక్క ఏడాదిలో లక్షా పన్నెండు వేలకు పైగా ఇచ్చారు. ఆస్ట్రేలియాలో చదివే విదేశీ విద్యార్థుల్లో చైనా, భారత్ తర్వాత మూడో స్థానం ఈ చిన్న దేశానిదే. జపానులో 2024 లెక్కల్లో చైనా తర్వాత వీళ్ళే.

హవల్దారు గారి ఇల్లు ఊరి చివర. డాబా మీద నుంచి మచ్ఛపుచ్ఛ్రే శిఖరం కనిపిస్తుంది. ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి ఇస్త్రీ చేసిన చొక్కా, టోపీ పెట్టుకుని గేటు దగ్గర నిలబడి నాకు సెల్యూట్ చేశాడు. నేను గుమాస్తాగా పనిచేసినవాడిని, నాకు సెల్యూట్ ఏమిటని సిగ్గుపడ్డాను. భోజనాలయ్యాక ఆయన లోపలికి వెళ్ళి ఒక లావుపాటి ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. 'సాబ్, మీరు లెక్కలు చూసినవారు. ఇందులో మా తప్పు ఎక్కడుందో చెప్పండి.'

అది ఆయన మనుమరాలి ఆస్ట్రేలియా వీసా ఫైలు. దీపావళికి ముందు, వాళ్ళు తిహార్ అంటారు, ఆ పండగ నాలుగు రోజులుందనగా తిరస్కరణ ఉత్తరం వచ్చింది. అమ్మమ్మగారు, అంటే హవల్దారు గారి భార్య, పండగకు దీపాలు పెట్టలేదట.

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. కొడుకు పోయాడు. కూతురు, అల్లుడు, పిల్లలు ఈయన దగ్గరే. అల్లుడు ఖతార్‌లో డ్రైవరు. పెద్ద మనుమడు తాతలాగే పల్టనులో చేరాలని పదహారో ఏట నుంచి పరుగులు తీశాడు. కోవిడ్ వచ్చి 2020లో భర్తీలు ఆగాయి. తర్వాత 2022లో మన ప్రభుత్వం అగ్నిపథ్ తెచ్చింది. నాలుగేళ్ళ కొలువు, అందులో నాలుగో వంతు మందికే కొనసాగింపు, మిగిలినవారికి పెన్షను లేదు. 1947 త్రైపాక్షిక ఒప్పందానికి ఇది కుదరదని నేపాలు ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది, భర్తీ మళ్ళీ మొదలు కాలేదు. ఆ కుర్రవాడు పరుగు మానేసి దుబాయి పోయాడు. ఇక ఆశ అంతా చిన్నదాని మీద. ప్లస్ టూ 2023లో మంచి మార్కులతో పాసయింది. ఆస్ట్రేలియాలో అకౌంటింగ్ చదవాలని దాని కోరిక. 'మీ శాఖ చదువే సాబ్' అన్నాడు హవల్దారు, నేనేదో దానికి ప్రేరణ అయినట్టు.

వాళ్ళు లెక్కలు వేసుకున్నది 2023 వేసవిలో. అప్పటి నిబంధన ప్రకారం ఒక ఏడాది బతుకు ఖర్చులకు 21,041 ఆస్ట్రేలియా డాలర్లు, దానికి కాలేజీ ఫీజు, ప్రయాణం ఖర్చు కలిపి చూపించాలి. ఇంగ్లీషు పరీక్షలో 5.5 వస్తే చాలు. వీసా ఫీజు 710 డాలర్లు. ఈ మూడు అంకెలూ చూసుకుని ఇల్లంతా తయారవడం మొదలుపెట్టింది.

2023 అక్టోబరు 1న బతుకు ఖర్చు 24,505 అయింది. పోనీ అనుకున్నారు. 2024 జనవరిలో అమ్మాయి ఇంగ్లీషు పరీక్ష రాసి 5.5 తెచ్చుకుంది, ముందు డిప్లొమాలో, తర్వాత డిగ్రీలో చేర్చుకుంటామని ఒక కాలేజీ ఉత్తరం ఇచ్చింది. కాగితాలు కూర్చుకుంటూ ఉండగానే మార్చి 23 వచ్చింది, ఆ రోజునుంచి 6.0 కావాలి. అమ్మాయి మళ్ళీ కోచింగు, మళ్ళీ పరీక్ష. ఈసారి వచ్చింది. ఆ సంబరం తీరకముందే మే 10న బతుకు ఖర్చు 29,710 డాలర్లయింది. జూలై 1 నుంచి వీసా ఫీజు 710 నుంచి ఏకంగా 1,600 అవుతుందని తెలిసింది. దాంతో జూన్ ఆఖరి వారంలో ఉరుకులు పరుగుల మీద దరఖాస్తు పడేశారు. ఇంకో నెల ఆగి నింపాదిగా రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. రిటైర్మెంటు వయసు, కమ్యుటేషన్ పట్టిక మారేటప్పుడు మన ఆఫీసుల్లో జరిగే హడావిడి మీకు తెలుసు కదా, అలాంటిదే.

నా చేతికి ఫైలు దొరికితే ఊరుకునే రోగం నాకింకా పోలేదు. కాగితం, పెన్సిలు తెప్పించుకుని కూర్చున్నాను. హవల్దారు గారి పెన్షను అన్నీ కలిపి నెలకు 22 వేల చిల్లర. వాళ్ళ రూపాయి మనదానికి 1.60 చొప్పున 1993 నుంచి స్థిరంగా కట్టి ఉంది, కాబట్టి లెక్క సులువు. నెలకు 35,200, ఏడాదికి 4 లక్షల 22 వేల నేపాలీ రూపాయలు. ఆ నాటి మారకంలో 29,710 డాలర్లంటే 26 లక్షల నేపాలీ రూపాయలకు పైమాట. అంటే కాలేజీ ఫీజు, విమానం టికెట్టు వదిలేసి ఒక్క తిండికీ అద్దెకీ చూపించవలసిన సొమ్ము ఆయన ఆరేళ్ళ పెన్షను. ఆరేళ్ళపాటు ఇంట్లో ఎవరూ అన్నం తినకపోతే!

అంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు. ఉన్నట్టు చూపించడానికి అక్కడ ఒక పద్ధతి ఏర్పడింది. ఇంటిస్థలం పట్టాను లాల్‌పుర్జా అంటారు. దాన్ని బ్యాంకులో పెడితే చదువు అప్పు మంజూరు చేసినట్టు ఉత్తరం ఇస్తారు, వీసా వచ్చాక డబ్బు విడుదల. ఇంజనీరు వచ్చి స్థలానికి విలువ కడతాడు. వార్డు కార్యాలయం ఫలానావారు ఫలానావారికి ఫలానా అవుతారని బంధుత్వ పత్రం ఇస్తుంది, ఆదాయం ఇంత అని మరో పత్రం ఇస్తుంది. చార్టర్డ్ అకౌంటెంటు ఆస్తి అంతా కలిపి ఒక నివేదిక రాస్తాడు. ఒక్కో కాగితానికీ ఒక్కో ఫీజు. ఆ అప్పు తీర్చగల ఆదాయం ఎవరికుందో కూడా చూపాలి. ఇక్కడే ఇంట్లో ముసలివాళ్ళ అవసరం పడుతుంది. అల్లుడు ఖతార్ నుంచి పంపే డబ్బులో చాలా భాగం తెలిసినవారి చేతుల మీదుగా వచ్చింది, బ్యాంకులో జాడ లేదు. ఆ ఇంట్లో నెలనెలా ఠంచనుగా బ్యాంకులో పడి, పుస్తకంలో అచ్చయి కనిపించే డబ్బు ఒక్క తాత పెన్షనే. మనం అలమరలో పాత గుడ్డలో చుట్టి దాచుకునే పి.పి.ఓ. కాగితం ఆ ఫైలులో మొదటి సాక్ష్యం. దాని మీద సంతకం చేసిన అధికారి నాకు తెలుసు. నలభై ఏళ్ళ తర్వాత ఆ సంతకం చూస్తే గుండె ఝల్లుమంది.

పేజీలు తిప్పుతూ పోయాను. ఒక చోట ఆగాను. లారీ అద్దె ఒప్పందం. హవల్దారు గారి పేరున ఉన్న లారీని ఫలానా సరఫరాదారు నెలకు ఇంత చొప్పున అద్దెకు తీసుకున్నట్టు, ఏడాదికి 12 లక్షల ఆదాయం. కింద ఆయన సంతకం. వణికే చేతితో పెట్టిన అదే సంతకం, నాకు బాగా తెలిసినది.

'హవల్దార్ సాబ్, మీకు లారీ ఉందా?'

ఆయన కాసేపు మాట్లాడలేదు. 'లేదు సాబ్. కన్సల్టెన్సీ కుర్రవాడు తెచ్చాడు. రూల్సు పెరిగాయి, పెన్షను ఒక్కటి చాలదు, అందరూ పెడుతున్నారు అన్నాడు. పదిహేను కాగితాలు ఒకేసారి పెట్టాడు. అన్నింటి మీదా చేశాను.' తర్వాత ఆయన లేచి నిలబడ్డాడు. 'పదిహేడేళ్ళ సర్వీసులో నాకు ఒక్క రెడ్ ఇంక్ ఎంట్రీ లేదు. మీరు నా షీట్ రోల్ చూశారు.'

చూశాను. నిజంగానే లేదు. సైన్యంలో పనిచేసినవారికి ఆ మాట బరువు తెలుస్తుంది. మాకందరికీ వినబడేటట్టు ఒక మనుమరాలి ఎదుట ఆ మనిషి అలా చెప్పుకోవలసి రావడం చూసి నేను తల వంచుకున్నాను.

నేను తల వంచుకోవడానికి ఇంకో కారణం ఉంది, అది కూడా చెప్పేస్తాను. మా మనుమడు 2019లో అమెరికా వెళ్ళేటప్పుడు స్పాన్సరు అఫిడవిట్ మీద నేనూ సంతకం పెట్టాను. మూడు పేజీలు. ఆడిటర్ని! ఒక్క పేజీ చదవలేదు. మా అబ్బాయి వేలు పెట్టి చూపించిన చోట పెట్టాను. అందులో ఏమీ తప్పు లేకపోవడం నా అదృష్టమే గాని నా జాగ్రత్త ఏమీ లేదు. ఇక్కడ కూర్చున్నవారిలో మనుమల కోసం, మనుమరాళ్ళ కోసం అటువంటి సంతకాలు పెట్టినవారు చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. అడగను లెండి. ఇకముందు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని చదివి పెట్టండి.

తిరస్కరణ ఉత్తరంలో లారీ మాట లేదు. 'మీరు నిజమైన విద్యార్థి అని నాకు నమ్మకం కలగలేదు' అని ఉంది. 2024 మార్చి 23న ఇంగ్లీషు మార్కులతో పాటు వచ్చిన కొత్త నిబంధన ఇది. అంతకుముందు 'నేను తాత్కాలికంగానే వస్తున్నాను' అని నమ్మించాలి, ఇప్పుడు 'నేను నిజంగా చదవడానికే వస్తున్నాను' అని నమ్మించాలి. దరఖాస్తులో కొన్ని ప్రశ్నలుంటాయి. నీ ఇంటి పరిస్థితులేమిటి, ఈ చదువే ఎందుకు, ఈ దేశమే ఎందుకు, దీనివల్ల నీకు ఏం ప్రయోజనం? ఒక్కోదానికి 150 మాటలకు మించకుండా జవాబు రాయాలి. నేను ఆ జవాబులు చదివాను. ఇంగ్లీషు బ్రహ్మాండంగా ఉంది. ప్రపంచ స్థాయి విద్య, బహుళ సంస్కృతుల సమాజం, ఉజ్జ్వల భవిష్యత్తు. అందులో ఆ అమ్మాయి ఎక్కడా లేదు. 'ఇది నువ్వు రాశావా తల్లీ' అంటే 'లేదు హజుర్‌బా, వాళ్ళే రాశారు. మా బ్యాచిలో అందరిదీ ఇంచుమించు ఇలాగే ఉంది' అంది. హజుర్‌బా అంటే తాతగారు. ప్లస్ టూ అయ్యాక ఏడాది ఖాళీగా ఎందుకున్నావని కూడా ఉత్తరంలో ప్రశ్న. ఆ ఏడాది ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు రాయడానికి, వాళ్ళ నిబంధనలు మారినప్పుడల్లా కాగితాలు మార్చడానికే సరిపోయిందని జవాబులో ఎవరూ రాయలేదు.

లారీ కాగితం వల్లే వీసా పోయిందని నేను చెప్పలేను. అది పట్టుబడి ఉంటే ఇంతకన్నా ఘోరం జరిగేది. తప్పుడు పత్రం పెట్టినట్టు తేలితే మూడేళ్ళ దాకా వీసా ఇవ్వకుండా ఆపే నిబంధన ఆ దేశంలో ఉంది. బయటి దేశం నుంచి దరఖాస్తు పెట్టి తిరస్కరణ పొందిన విద్యార్థికి మామూలుగా అప్పీలు కూడా లేదు. మళ్ళీ మొదటినుంచి, మళ్ళీ పూర్తి ఫీజు. కట్టినది తిరిగి రాదు. పైగా రేపు ఏ దేశానికి దరఖాస్తు చేసినా 'ఇంతకుముందు ఎక్కడైనా వీసా నిరాకరించారా' అనే గడిలో అవును అని రాయాలి. రెడ్ ఇంక్ ఎంట్రీ అంటే ఇదే కదా, పందొమ్మిదేళ్ళ పిల్లకు.

ఆస్ట్రేలియావారిని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఎవరి ఇంటికి ఎవరు రావాలో చెప్పుకునే హక్కు ఆ ఇంటివారికి ఉంటుంది. 2022-23లో ఒక్క ఏడాదిలో వలసల వల్ల ఆ దేశానికి నికరంగా కలిసిన జనం 5 లక్షలు దాటింది, ఇంటి అద్దెలు పెరిగిపోయాయి, అక్కడివాళ్ళు గొడవ చేశారు. పేరుకు కాలేజీ, జరిగేది హోటళ్ళలో పని అన్న ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. పోఖరాలో నాతో మాట్లాడిన ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు కూడా చదువుకన్నా 'పక్షానికి 48 గంటలు' గురించే ఎక్కువ చెప్పారు. 2023 జూలై నుంచి అక్కడ చదువుకునేవారు పని చేయగల గంటలు అవి. అయితే, డబ్బు అంకె పెంచితే దొంగ విద్యార్థి ఆగి నిజమైన విద్యార్థి మిగులుతుందన్న నమ్మకం మాత్రం నాకు కుదరలేదు. ఆ ఫైలు చూసినవాడిగా చెబుతున్నాను. ఆ అమ్మాయికి లెక్కలంటే ఇష్టం. నా పెన్సిలు లెక్కలో వడ్డీ దగ్గర నేను చేసిన పొరపాటు పట్టుకుంది. ఆ సంగతి ఫైలులో ఏ కాగితమూ చెప్పలేదు. ఉన్న పెన్షను చూపిస్తే చాలదన్నారు, లేని లారీ పుట్టింది. నిబంధన ఒక మెట్టు పెరిగినప్పుడల్లా కన్సల్టెన్సీవాడికి ఒక మెట్టు గిరాకీ పెరుగుతోంది.

తలుపు ఒక చోట బిగిస్తే పిల్లలు ఇంకో తలుపు చూస్తారు. ఆ తలుపులూ బిగుస్తున్నాయి. కెనడా 2024 జనవరి 1 నుంచి చూపించవలసిన డబ్బు 10,000 డాలర్ల నుంచి 20,635 చేసింది, అదే నెలలో విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టింది. బ్రిటన్ 2024 నుంచి పరిశోధన చదువులు తప్ప మిగతావారికి భార్యాబిడ్డలను తెచ్చుకోవడం మాన్పించింది. అమెరికా 2025 వేసవిలో కొన్ని వారాలు విద్యార్థి వీసా ఇంటర్వ్యూల తేదీలు ఇవ్వడమే ఆపి, తర్వాత పిల్లలు సోషల్ మీడియాలో ఏం రాశారో చూస్తామంది. 2025 సెప్టెంబరులో డెన్మార్క్ అయితే నేపాలు, బంగ్లాదేశ్ విద్యార్థుల పేరు ఎత్తి మరీ నిబంధనలు కఠినం చేస్తామని ప్రకటించింది. మిగిలింది జపాను. భాష కొత్తగా నేర్చుకోవాలి, వారానికి 28 గంటలే పని. అయినా ఇప్పుడు పోఖరాలో జపనీస్ కోచింగు బోర్డులు మరీ ఎక్కువయ్యాయట. అదే నెల 2025 సెప్టెంబరులో ఖాట్మండు వీధుల్లో కుర్రకారు తిరగబడి ప్రభుత్వాన్నే దింపేసిన సంగతి పత్రికల్లో చదివారు. దాని కారణాలు వేరే. కాని బయటికి పోలేక, లోపల పని దొరకక ఇంట్లో కూర్చున్న పిల్లలు ఎందరో ఆ గుంపులో ఉండి ఉంటారని నాకు అనిపించింది.

మళ్ళీ ఆ రాత్రికి వస్తాను. 'ఇప్పుడేం చేయమంటారు సాబ్' అని హవల్దారు అడిగాడు. అప్పు మంజూరు ఉత్తరం ఇంకా చెల్లుతుంది, లాల్‌పుర్జా బ్యాంకులోనే ఉంది. కన్సల్టెన్సీవాళ్ళు వెంటనే మళ్ళీ వేద్దాం, 1,600 డాలర్లు కట్టండి అంటున్నారు. ఉద్యోగంలో ఉండగా వేలమంది పెన్షన్ల మీద సంతకాలు పెట్టాను గాని, ఒక ఇంటిస్థలం మీద సలహా చెప్పడానికి నాకు నోరు రాలేదు. లారీ కాగితం తీసేయమన్నాను. అది లేకుండా వెళ్ళగలిగితే వెళ్ళమన్నాను. అంతకుమించి చెప్పలేకపోయాను. అమ్మాయే చెప్పింది: 'ఈ ఏడాది వద్దు తాతా. లాల్‌పుర్జా ఇంటికి తెచ్చేయండి.' దాని తల్లి ఏడ్చింది. చుట్టుపక్కలవాళ్ళు 'వీసా లాగ్యో?' అని అడుగుతారని ఆవిడ భయం. ఆ వీధిలో నాలుగిళ్ళకు తగిలింది.

మర్నాడు మేము జోమ్‌సోమ్ మీదుగా ముక్తినాథ్ వెళ్ళాం. 3,700 మీటర్లకు పైన, నవంబరు చలి, గుడి వెనక అర్ధచంద్రాకారంలో నూట ఎనిమిది ధారలు. మా ఆవిడ అన్నింటి కిందా తల పెట్టింది, నేను నాలుగింటితో సరిపెట్టుకున్నాను. మన చిలుకూరులో వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది అంటారు కదా. హవల్దారు గారి భార్య కూడా వీసా వస్తే ఈ నూట ఎనిమిది ధారల కింద తడుస్తానని మొక్కుకుందట. మొక్కు అలాగే ఉండిపోయింది.

తర్వాతి సంగతులు ఫోనులో తెలిసినవి. అమ్మాయి పోఖరాలోనే పృథ్వీనారాయణ్ క్యాంపస్‌లో బి.బి.ఎస్. చేరింది. నాలుగేళ్ళ కోర్సు. పొద్దున్నే క్లాసులు, పగలు ఒక హోటల్లో లెక్కలు రాస్తోంది, జీతం చిన్నదే. లాల్‌పుర్జా ఇంటికి వచ్చింది, హవల్దారు దాన్ని పి.పి.ఓ. పక్కన రేకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అప్పటిదాకా అయిన ఖర్చు, కోచింగు, పరీక్షలు, విలువ కట్టినవాళ్ళు, వీసా ఫీజు అన్నీ కలిపి ఆయన ఎనిమిది నెలల పెన్షను. అందులో తిరిగొచ్చింది ఏమీ లేదు.

2025 జూలై 1 నుంచి ఆస్ట్రేలియా వీసా ఫీజు 2,000 డాలర్లు చేసింది. అంటే మన రూపాయల్లో లక్షకు పైన, ఒక్క దరఖాస్తుకు. ఆ వార్త చదివి, ఇక ఆ ఊసు ఎత్తరనుకున్నాను. మొన్న నవంబరులో నేను లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చి, అలవాటుగా హవల్దారు గారికి ఫోను చేశాను. ఆయన కూడా ఆ పని మీదే పెన్షను కార్యాలయానికి వెళ్ళి వచ్చాడట. 'బతికే ఉన్నానని ఒప్పుకున్నారు సాబ్' అని నవ్వాడు. తర్వాత ఫోను మనుమరాలికి ఇచ్చాడు.

క్యాంపస్‌లో చేరి ఏడాది దాటింది. వచ్చిన మార్కులు చూపించి, ఆస్ట్రేలియాలో డిగ్రీలో నేరుగా చేరడానికి ప్రయత్నిస్తానంటోంది. కన్సల్టెన్సీ వద్దట, తనే వేస్తుందట. నూటయాభై మాటల జవాబులు తనే రాసి నాకు పంపింది. ఇంగ్లీషు అంత బ్రహ్మాండంగా లేదు. మా తాత పెన్షను ఇంత, మా నాన్న ఖతార్ నుంచి ఇప్పుడు బ్యాంకు ద్వారా పంపుతున్నది ఇంత, నేను హోటల్లో లెక్కలు రాసి సంపాదించేది ఇంత, ఒకసారి మీరు నన్ను తిరస్కరించారు, ఆ ఏడాది నేను ఏం చేశానంటే, అని మొదలవుతుంది. రెండు చోట్ల వ్యాకరణం దిద్దాను. అంకెలు మూడుసార్లు కూడాను, సరిపోయాయి. అయితే ఆ అంకెలు చాలవు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. తండ్రి ఇంకో ఏడాది ఖతార్‌లో ఉంటే చాలవచ్చునని రాసింది. లాల్‌పుర్జా మళ్ళీ బ్యాంకుకు వెళ్ళాలా వద్దా అన్నది తాత ఇంకా తేల్చలేదు.

కాగితాల కట్టంతా స్కాను చేసి పంపింది. మొత్తం 41 పేజీలు. లారీ కాగితం లేదు, రెండుసార్లు చూశాను.